మిక్సింగ్ సిస్టం ఒప్పుకునే కెమెరానే కొను, చెల్లె

ప్రశ్న: అన్నా, మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. మా నాయన ఇరవై ఏండ్లు పెండ్లిళ్ల వీడియోలు తీసిండు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంటి పట్టునే ఉంటున్నడు. స్టూడియో నేను, మా తమ్ముడు చూసుకుంటున్నం. టేపు కెమెరా మూలకు పడ్డది. రెండేండ్లుగా ఫోన్‌తోటి, కిరాయి కెమెరాతోటి నెట్టుకొస్తున్నం. ఫోన్‌లో తీసింది సిస్టంలో వేస్తే ఆగి ఆగి ఆడుతుంది. మాట ఒక దగ్గర, పెదవి ఒక దగ్గర. మా సిస్టం ప్రాసెసర్ ఇంటెల్ నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. మిక్సింగ్, అదే వీడియో ఎడిటింగ్, ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తం. మెమొరీ కార్డు మీద రికార్డయ్యి, సతాయించకుండా మిక్సింగ్‌కు పనికొచ్చే కెమెరా ఏది? లక్ష లోపే మా తాహతు. పెండ్లివాళ్లేమో వచ్చీరాంగనే 4కే ఉన్నదా అని అడుగుతరు. మా ఊరి ఒగ్గు కథ, పెద్దగట్టు జాతర కూడా తీసి యూట్యూబ్‌లో పెట్టాలని నా ఆశ.

జవాబు: చెల్లె, నీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క కెమెరా గురించి రాసింది కాదు, "నాలుగో తరం ఐ5" అన్నది. నువ్వు ఏ కెమెరా కొనాలో ఆ ముక్కే చెప్తది. మనోళ్లు ముందు కెమెరా కొంటరు, ఇంటికొచ్చినంక సిస్టం దిక్కు చూసి నెత్తి పట్టుకుంటరు. నేనూ అట్లనే పట్టుకున్నోన్ని. నువ్వు ఉల్టా నడువు. మిక్సింగ్ టేబుల్ కాడ మొదలుపెట్టి షాపు దాకా పో.

మీ నాయన టేపు కెమెరాను జర తలుచుకో. మినీ డీవీ టేపు గంటది ఎక్కించాలంటే గంట సేపు కూర్చోవాలె, హార్డ్ డిస్కులో గంటకు 13 జీబీ మింగేది. అంత తిప్పలున్నా ఒక్కసారి ఎక్కిందంటే బక్క సిస్టం మీద కూడా గడగడా ఆడేది. ఎందుకంటే డీవీలో ఒక్కో ఫ్రేము దేనికదే పూర్తి బొమ్మ. ఎక్కడ కోసినా అక్కడి బొమ్మ అక్కడ రెడీగా ఉండేది.

కార్డు కెమెరాలు వచ్చినంక లెక్క మారింది. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి తెచ్చినయి. కార్డు తెరిస్తే ఎంటీఎస్ ఫైళ్లు కనిపిస్తయి చూడు, అవే. లోపల ఉన్నది హెచ్.264, వీడియోను కుదించే పద్ధతి. దీని పని తీరు కిరాణా దుకాణం ఖాతా పుస్తకం లెక్క ఉంటది. సేటు ఒకటో తారీకు నాడు మొత్తం బాకీ రాస్తడు. ఆ తర్వాత రోజూ ఉద్దెర తెచ్చిందెంత, కట్టిందెంత, అంతే రాసుకుంటడు. పుస్తకం చిన్నగ అయితది. కానీ పన్నెండో తారీకు నాటికి బాకీ ఎంత అని అడిగితే ఒకటో తారీకు నుంచి కూడుకుంటూ రావాలె. హెచ్.264లో మొదటి ఫ్రేము పూర్తి బొమ్మ, తర్వాత పది పన్నెండు ఫ్రేముల దాకా మారిన ముక్కలే ఉంటయి. కొన్ని ఫ్రేములైతే ముందు రాబోయే పద్దు కూడా చూస్తేగానీ తేలవు. వరుసగా చూసెటోనికి ఇది తెలువనే తెలువది. మిక్సింగ్ చేసేటోడు ముందుకు గుంజుతడు, వెనక్కి గుంజుతడు, నడిమిట్ల కోస్తడు. గుంజినప్పుడల్లా సిస్టం లెక్క మళ్లీ మొదటి నుంచి కూడుకోవాలె. ఆగి ఆగి ఆడేది అందుకే.

ఇక నీ ఫోన్‌లో ఉన్నది బహుశా హెచ్.265. ఇది 2013లో వచ్చింది. హెచ్.264కు పట్టే జాగలో ఇంచుమించు సగంలోనే అదే నాణ్యత ఇయ్యాలని చేసిన పద్ధతి. జాగ తగ్గింది కదా అని సంబరపడేలోపు సిస్టం మీద బరువు పెరిగింది. ఇంటెల్ చిప్పుల్లో దీన్ని విప్పే ప్రత్యేక భాగం ఆరో తరం నుంచి వచ్చింది, 10 బిట్‌ది (రంగుల మెట్లు ఎక్కువుండే రకం) ఏడో తరం నుంచి. మీది నాలుగో తరం. అంటే హెచ్.264ను విప్పే భాగం మీ చిప్పులో ఉన్నది, హెచ్.265ది లేదు. ఆ పని మొత్తం ప్రాసెసరే గోకి గోకి చేయాలె.

మాట, పెదవి కలవకపోవుడు వేరే జబ్బు. ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితంగా ఉండవు. వెలుతురు తగ్గితే, ఫోన్ వేడెక్కితే ఫ్రేముల లెక్క కొంచెం అటూ ఇటూ అయితది. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటే లెక్క పట్టుకొని నడుస్తది. పది నిమిషాలు గడిచేసరికి పంతులు మంత్రం ముందు, నోరు వెనుక. ఇప్పటికే తీసిపెట్టిన ఫోన్ వీడియోలను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేటు 25 పెట్టి, "కాన్‌స్టంట్" అని ఎంచుకొని, హెచ్.264లోకి మార్చుకో. ముందు ముందు తీసేటివాటికి ఫోన్ కెమెరా సెట్టింగుల్లోనే హెచ్.265 ఆపేయి. ఐఫోన్ అయితే ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టు. కామ్‌కార్డర్‌తో, అంటే వీడియోకే చేసిన కెమెరాతో, ఈ తిప్పలు ఉండవు. అది 50 అంటే 50, 25 అంటే 25.

అందుకని నువ్వు వెతకాల్సింది 4కే అనే బిళ్ల కాదు. 1080లో (ఫుల్ హెచ్‌డీ), సెకనుకు 50 పూర్తి ఫ్రేములు, హెచ్.264, 8 బిట్, ఎంపీ4 ఫైల్. సోనీలో దీన్ని ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటరు. ఫుల్ హెచ్‌డీలో 50 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 50 మెగాబిట్ల దాకా పోతది. ఏవీసీహెచ్‌డీ ఎంత గట్టిగా తీసినా 28 ఎంబీపీఎస్ కాడ ఆగుతది. ఎక్స్‌ఏవీసీ ఎస్ కూడా ఖాతా పుస్తకం పద్ధతే, కానీ మీ చిప్పుకు తెలిసిన పుస్తకం. బొమ్మకు ఎక్కువ జాగ దొరుకుతది కాబట్టి బారాత్‌లో డీజే లైట్లు తిరిగినప్పుడు, తలంబ్రాలు ఎగిసినప్పుడు గడులు గడులుగా పగలదు. శబ్దం కూడా కుదించని పీసీఎం. ఏవీసీహెచ్‌డీలో తరచూ వచ్చే డాల్బీ శబ్దాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు గుర్తుపట్టక మూగబోతయి. ప్రతి ఫ్రేమూ పూర్తిగా రాసే కెమెరాలు కూడా ఉన్నయి, ఆల్ ఇంట్రా అంటరు. మిక్సింగ్‌కు అది రాజభోగమే గానీ కార్డులు, డిస్కులు కొనలేక చస్తం.

మోడల్ పేర్లు చెప్పకుంటే నువ్వు ఊరుకోవని తెలుసు. భుజం మీద పెట్టుకునే సోనీ ఎంసీ2500 మన దిక్కు పెండ్లిళ్లల్లో మస్తుగా కనిపిస్తది. చూసినోళ్లకు పెద్ద కెమెరా అనిపిస్తది, పెండ్లిపెద్దలకు అదొక తృప్తి. లోపలి సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు) మాత్రం పావు అంగుళం క్లాసుది, రికార్డింగ్ ఏవీసీహెచ్‌డీ. రాత్రి ఫంక్షన్‌లో లైటు కొట్టకపోతే మసక. భుజం సైజు చూసి మోసపోవద్దనే ముందుగా దీని ముచ్చట తీసిన. నా ఓటు సోనీ ఎన్‌ఎక్స్100కు, అదీ సెకండ్ హ్యాండ్‌లో. ఒక అంగుళం క్లాసు సెన్సర్, 12 రెట్ల జూమ్, రెండు కార్డు గూళ్లు, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు సాకెట్లు. పైగా ఎన్‌డీ ఫిల్టర్, అంటే ఎక్కువ వెలుగును తగ్గించే నల్ల అద్దం, కెమెరాలోనే ఉంటది. మే నెల ఎండల మన దిక్కు పొద్దటి పదకొండు గంటల ముహూర్తానికి, పందిరి అవతల నిలబడి తీసినప్పుడు దాని విలువ తెలుస్తది. 4కే మాత్రం లేదు.

4కే తప్పదంటే ఎన్‌ఎక్స్80. అదే సైజు సెన్సర్, అదే 12 రెట్ల జూమ్, 4కేలో 100 ఎంబీపీఎస్. మనిషి మొఖాన్ని పట్టుకొని ఫోకస్ చేసుడు దానికి బాగా వచ్చు. పానసోనిక్ ఎక్స్1500 కూడా మంచిదే, 24 రెట్ల జూమ్ దాని బలం, సెన్సర్ చిన్నది. అందులో హెచ్.265, 10 బిట్ పద్ధతులు కూడా ఉంటయి. షాపాయన గొప్పగా అవే చూపిస్తడు. మీ సిస్టం‌కు అవి విషం. మెనూలోకి పోయి 8 బిట్ ఎంపీ4 పెట్టుకోవాలె. 4కే ఏది కొన్నా ఇప్పటి సిస్టం మీద నేరుగా కోయలేరు. ప్రాక్సీ చేసుకోవాలె. అంటే చిన్న సైజు నకలు తయారుచేసుకొని, కోతలన్నీ దాని మీద కోసి, ఆఖరుకు అసలు ఫైలుతో బయటకు తీసుడు. ఎడియస్‌లో ఆ సౌకర్యం ఉన్నది. కానీ ఆరు గంటల పెండ్లికి నకళ్లు చేయడానికే మీ సిస్టం రాత్రంతా ఊపిరి పీల్చాలె. మూఢం పోయి వరసగా ముహూర్తాలు పడ్డప్పుడు ఎట్ల ఉంటదో నీకే తెలుసు.

మరి ఫొటో కెమెరాలు, మిర్రర్‌లెస్‌లు వద్దా అని అడుగుతవు. పాటకు, కాబోయే జంటను పొలాల్లో తిప్పి తీసేదానికి అవే అందం. ముహూర్తానికి మాత్రం నేను నమ్మను. వాటిలో పాతవి చాలావరకు 29 నిమిషాల 59 సెకండ్లకు ఆగిపోతయి. అరగంట దాటితే యూరప్‌లో వీడియో కెమెరా కింద పన్ను పడుతుందని కంపెనీలు అట్ల చేసిన రోజులవి. ఆగనివి కూడా మన ఎండకు వేడెక్కి మూతి ముడుస్తయి. ఒగ్గు కథ తెల్లవార్లూ నడుస్తది. కథ చెప్పే ఒగ్గు పూజారి, బీరప్ప పుట్టుక దాకా వచ్చినప్పుడు కెమెరా ఆగితే మళ్లీ మొదటి నుంచి చెప్పమంటవా?

చుట్టాలు అమెరికా నుంచి తెస్తమంటే జాగ్రత్త. అక్కడ అమ్మే ఇంటివాడక కామ్‌కార్డర్లలో కొన్ని సెకనుకు 60, 30 ఫ్రేములే తీస్తయి, 50కి మారవు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫంక్షన్ హాలు ట్యూబులైట్ల కింద 1/60 షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకు సెకనులో అరవయ్యో వంతు వెలుగు) తీస్తే వెలుగు అలలు అలలుగా కొట్టుకుంటది. మిక్సింగ్‌లో అది సులువుగా పోదు. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టాలె. స్టేజీ వెనుక ఎల్‌ఈడీ తెర ఉంటే మాత్రం ఈ లెక్క కూడా తప్పుతది. అక్కడ షట్టర్‌ను కొంచెం కొంచెం జరిపి చూసుకోవుడే. ఇంకొకటి, మెనూలో 50ఐ, 50పీ అని రెండు కనిపిస్తయి. ఐ అంటే సగం సగం గీతల బొమ్మ, పాత టీవీల కోసం చేసింది. ఫోన్‌లో చూస్తే కదిలే చేతుల అంచుకు దువ్వెన పండ్లు కనిపిస్తయి. ఎప్పుడూ పీనే పెట్టు. కిరాయి కెమెరా తెచ్చినప్పుడు కూడా ముందు ఇదే చూడు. మీ కంటే ముందు తీసుకుపోయినోడు ఏం పెట్టి ఇచ్చిండో.

కార్డుల సంగతి. ఎంబీపీఎస్ అంకెను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వస్తది. 28 అయితే 12.6 జీబీ, 50 అయితే 22.5, 4కే 100 అయితే 45. ఆరు గంటల పెండ్లి 50 మీద 135 జీబీ, 4కేలో 270. 50 మీద నీకు 128 జీబీ కార్డు ఒకటి ఐదున్నర గంటలు వస్తది. ఇక వేగం. కార్డు మీద రాసేది మెగాబైట్లు, కెమెరా చెప్పేది మెగాబిట్లు, ఎనిమిదితో భాగించాలె. 50 మెగాబిట్లంటే సెకనుకు 6.25 మెగాబైట్లే. 4కే 100 కూడా 12.5 మాత్రమే. వీ30 అని రాసి ఉన్న ఎస్‌డీఎక్స్‌సీ కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తది కాబట్టి రెంటికీ సరిపోతది. వీ90 కొనమని ఎవరన్నా అంటే వాళ్ల దగ్గర ఆ కార్డులు మిగిలినయని అర్థం. ఎస్‌డీఎక్స్‌సీ ఎందుకంటున్ననంటే, సోనీ కెమెరాలు ఎక్స్‌ఏవీసీ ఎస్‌కు అదే కోరుకుంటయి. పాత 32 జీబీ కార్డుల పద్ధతిలో 4 జీబీకి ఒక ఫైలు తెగుతది, దీనిలో ఆ హద్దు లేదు.

దొంగ కార్డులు ఎక్కువైనయి. 128 అని అచ్చేసి ఉంటది, లోపల ఎనిమిదో పదహారో. రాసినట్టే నటిస్తది. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు నిండా రాయించి, తిరిగి చదివించు. గంటో గంటన్నరో పడితే పట్టనీ.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలె. ఏవీసీహెచ్‌డీ కెమెరా కొన్న కొత్తలో ఒక పెండ్లి కార్డులో నుంచి ఎంటీఎస్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకొని, మిగతా ఫోల్డర్లు చెత్త అనుకొని కార్డు ఫార్మాట్ కొట్టిన. పొడుగు క్లిప్పులు ముక్కలు ముక్కలుగా తెగి ఉంటయని, ఆ ముక్కలను అతికించే లెక్కంతా ఆ "చెత్త"లో ఉంటదని అప్పుడు తెలువదు. ప్రతి అతుకు కాడ రెండు మూడు ఫ్రేములు మాయం, శబ్దం టక్కుమనుడు. ఒక అతుకు సరిగ్గా జీలకర్ర బెల్లం కాడ పడ్డది. మంగళవాయిద్యం మధ్యల ఎక్కిళ్లు వచ్చినట్టు ఉండేది. ఆ ఇంటోళ్లు మంచోళ్లు కాబట్టి బతికిన. నువ్వు కార్డు మొత్తాన్ని, ఉన్నది ఉన్నట్టు ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయి. రెండు డిస్కుల్లో ఉన్నదాకా కార్డును ముట్టుకోకు. ఫార్మాట్ చేసేది కెమెరాలోనే, సిస్టంలో కాదు. రెండు గూళ్లున్న కెమెరాలో రెండు కార్డులు వేసి, ఒకే బొమ్మ రెండింటి మీదా పడేటట్టు పెట్టు. ఒకటి నిండినంక ఇంకోటి అనే పద్ధతి జాతరకు సరే, ముహూర్తానికి వద్దు.

పెద్దగట్టు అన్నవు కదా, దానికి కెమెరా కన్నా చెవి ముఖ్యం. దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామి కాడ భేరీలు మోగినప్పుడు, వేల గొంతులు "ఓ లింగా" అన్నప్పుడు కెమెరా తనంతట తాను శబ్దం తగ్గించుకుంటది. భేరీ ఆగంగనే మళ్లీ పెంచుకుంటది. ఇంటికొచ్చి వింటే జాతర మొత్తం ఉబ్బసం వచ్చినట్టు ఉంటది. ఆటో లెవెల్ తీసేసి, మీటరు మామూలు మాటకు మైనస్ 12 డెసిబెల్ కాడ ఉండేటట్టు చేత్తో పెట్టుకో, భేరీల గుంపు దగ్గరికి పోయేటప్పుడు ఇంకా తగ్గించు. ఒగ్గు కథకు ఒక ఎక్స్‌ఎల్‌ఆర్‌లో కథ చెప్పే ఆయన అంగీకి పెట్టిన వైర్‌లెస్ మైకు, రెండోదాంట్లో డోలు, తాళాల దిక్కు మలిపిన మైకు. వంతపాటవాళ్లు తిరుగుతనే ఉంటరు కాబట్టి ఒక్క మైకును నమ్ముకోకు. జాతర రెండేండ్లకు ఒక్కసారే వస్తది. ముందుగాల ఒక చిన్న పండుగకు సాధన చేసి పో.

నీ లక్ష మొత్తం కెమెరా మీద పోయకు. పాత ఎన్‌ఎక్స్100 బేరం చేసి మిగిలించుకున్న దాంట్లో సిస్టంకు ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించు, ర్యామ్ 16 చేయించు. వీడియో ఫైళ్లు తిరిగే హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీ మీదికి రాంగనే మీ తమ్ముడు కొత్త సిస్టం అనుకుంటడు. బ్యాకప్‌కు మాత్రం మామూలు హార్డ్ డిస్కే చాలు.

సెకండ్ హ్యాండ్ చూడడానికి హైదరాబాద్ పోయేటప్పుడు మీ కార్డు మీరే తీసుకుపోండి. లెన్సుకు మూత పెట్టి, గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే సెట్టింగు) పెంచి, తెర మీద తెల్ల చుక్కలు మెరుస్తున్నయా చూడు. మెనూలో గంటల మీటరు ఉంటే ఎంత తిరిగిందో చూడు. రెండు గూళ్లలోనూ రికార్డు చేయి. జూమ్ ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగ పోనీ, నడుమ ఎక్కడన్నా అడ్డం పడితే వదిలేయి. కొన్ని మైకులు నడవాలంటే కెమెరా ఇచ్చే 48 వోల్టులు కావాలె, సాకెట్లకు అవి వస్తున్నయో లేదో అలాంటి మైకు పెట్టి విను. ఆ తర్వాతనే అసలు పరీక్ష. షాపు బయట రోడ్డు మీద పది నిమిషాలు 50పీలో తీసి, బయానా ఇయ్యకుండా కార్డు ఇంటికి తెచ్చుకో. మీ ఎడియస్‌లో వేసి, మూడు లేయర్లు పెట్టి, నడిమిట్ల కోసి, వెనక్కి గుంజి చూడు. ఎడియస్ మరీ పాత వెర్షన్ అయితే ఎక్స్‌ఏవీసీ ఎస్‌ను గుర్తుపట్టకపోవచ్చు. కెమెరా కొన్నంక తెలుసుకునే కన్నా ముందే తెలుస్తది. ఒక రోజు ఆగలేనని షాపాయన అంటే ఇంకో షాపు ఉన్నది.

4కే అడిగే పెండ్లివాళ్లకు ఏం చెప్పాలంటవా? అబద్ధం చెప్పకు, ఫుల్ హెచ్‌డీని 4కేకు సాగదీసి పెన్‌డ్రైవ్‌లో పోసి ఇయ్యకు. అట్ల చేసేటోళ్లు ఉన్నరు. నువ్వు తీసిన ఒక పెండ్లి, రాత్రి అప్పగింతల ముక్క, స్టూడియోలో టీవీకి పెట్టి చూపించు. మసక లేని మొఖం, తెగని మాట చూసినంక చాలామంది ఆ ప్రశ్న మళ్లీ వేయరు. అయినా వేసే ఒకరిద్దరికి ఆ రోజుకు 4కే కెమెరా కిరాయికి తెచ్చి, కిరాయి వాళ్ల బిల్లులోనే వేయి.

ఒక చిన్న కోరిక. మూలకు పడ్డ మీ నాయన టేపు కెమెరాను పాత సామానోనికి వేయకు. ఇంట్లో ఉన్న టేపులు ఆడించడానికి ఇప్పుడు దిక్కు అదొక్కటే. టేపు కెమెరాను కలిపే ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న పాత సిస్టం ఒకటి దొరకబట్టుకొని, గంట టేపుకు గంట చొప్పున ఎక్కించుకుంటూ రా. ఆ పనికి నడవాల్సిన పని లేదు. టేపు మార్చుడు, పేరు రాసుడు మీ నాయనకు అప్పజెప్పు.